ముందు నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి: ఎండాకాలం కోళ్ల మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ కలిపి చూస్తే ముప్పాతిక వంతు ఒకటే గోల, ఎండకు కోళ్లు నోళ్లు తెరుస్తా ఉన్నాయి సార్ ఏం పొడి కలపమంటారు అని. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల నుంచీ ఇదే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇంక కోడి ఎంత. అందుకని మిగతావన్నీ వచ్చే నెలకు నెట్టేసినా, గొర్రెల వాళ్లు తిట్టుకోవద్దు.

ప్రశ్న (పత్తికొండ దగ్గర నుంచి ఒక రైతు): సార్ నమస్తే. 3,000 బ్రాయిలర్ వేసినా, 33 రోజుల పిల్ల. నాలుగు రోజుల నుంచి మధ్యాహ్నం మూడు దాటితే పడిపోతా ఉన్నాయి, నిన్న ఒక్కరోజే 41 పోయినాయి, అన్నీ బాగా బరువొచ్చినవే. ఎలక్ట్రోలైట్ పొడి, విటమిన్ సి, లివర్ టానిక్కు, మందుల షాపులో ఇచ్చిన ఇంకో ఎర్ర మందు, అన్నీ కలిపి నీళ్లలో ఇస్తా ఉన్నా. ట్యాంకు షెడ్డు పక్కనే దిమ్మె మీద ఉంది. ఇంకా ఏం మందు వాడాలో చెప్పండి.

జవాబు: అన్నా, ఇంకో మందు వద్దు. రేపు మధ్యాహ్నం రెండున్నరకు షెడ్డులో ఆ చివరకు పోయి చివరి డ్రింకర్‌లో చెయ్యి పెట్టి చూడండి. పోయినేడాది ఆలూరు వైపు ఒకాయన ఇట్లనే పిలిస్తే పోయినా, ఆయన వరసగా ఆరు రకాల ప్యాకెట్లు చూపించినాడు, నేను డ్రింకర్‌లో వేళ్లు పెట్టి వెంటనే తీసేసినా, తలకు పోసుకునే నీళ్ల మాదిరి కాలిపోతా ఉన్నాయి. నల్ల ట్యాంకు, దిమ్మె మీద, పైన ఆకు నీడ కూడా లేదు, అక్కడి నుంచి నల్ల పైపు షెడ్డు బయట గోడ వెంబడి ఎండలో 150 అడుగులు. కోడి ఒళ్లే 41 డిగ్రీలు ఉంటుంది, నీళ్లు కూడా అంతే వేడిగా ఉంటే దాన్ని తాగి అది ఏం చల్లబడుతుంది, తాగడమే మానేస్తుంది. తాగని నీళ్లలో మీరు బంగారం కలిపినా దాని కడుపులోకి పోదు కదా.

కోడికి చెమట పట్టదు. ఇంత ఎండలో వేడిని బయటికి పంపాలంటే దానికున్న ముఖ్యమైన దారి నోరు తెరిచి ఎగరొప్పడమే, ఆ ఊపిరితో పాటు ఒంట్లో తడి పోతుంది, ఆ తడి మళ్లీ నింపాలి. మామూలు రోజుల్లో కిలో మేతకు రెండు లీటర్లు తాగే కోడి ఈ ఎండల్లో నాలుగు లీటర్లు, ఇంకా పైన కూడా తాగుతుంది. డ్రింకర్లు మాత్రం చలికాలం లెక్కకే పెట్టి ఉంటారు చాలా మంది. కాబట్టి ట్యాంకుకు గోనెపట్టలు చుట్టి తడుపుతా ఉండండి, పైన జొన్న చొప్పతో పందిరి వెయ్యండి, పైపు మీద మట్టి కప్పండి, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదు దాకా గంటకోసారి లైను చివర తెరిచి కాగిన నీళ్లు వదిలేయండి. ఇంకో పది డ్రింకర్లు తెచ్చిపెట్టండి. ఇదంతా చేసినాక ప్యాకెట్ల సంగతి మాట్లాడదాం.

మేత టైము కూడా మార్చాలి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, తిన్న నాలుగైదు గంటలకు అది గట్టిగా ఉంటుంది, మీరు పది గంటలకు ఫీడర్లు నింపితే ఆ వేడి సరిగ్గా మూడు గంటల ఎండతో కలుస్తుంది. మీ కోళ్లు మూడు దాటినాకే ఎందుకు పడిపోతున్నాయో అర్థమైంది కదా. తెల్లారుజామున నాలుగున్నరకే లైట్లు వేసి మేత పెట్టండి, తొమ్మిదికల్లా ఫీడర్లు పైకి ఎత్తేయండి, సాయంత్రం ఐదున్నర తర్వాత, ఎండ ఇంకా గట్టిగా ఉంటే ఆరు తర్వాత దించండి. దించేటప్పుడు ఫీడర్లన్నీ ఒకేసారి దించండి, ఒకటి ముందు ఒకటి వెనక దించితే ఆకలి మీదున్న కోళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి అట్ల కూడా చస్తాయి. బరువు ఒక వంద గ్రాములు తగ్గితే తగ్గనీ, 41 కోళ్లు గుంతలో వేసి పూడ్చడం కంటే మేలే కదా.

ఇప్పుడు మీ ప్యాకెట్లు. విటమిన్ సి పనికొస్తుంది. కోడి తన ఒంట్లో తానే విటమిన్ సి తయారుచేసుకుంటుంది గానీ ఎండ ఎక్కువైనప్పుడు ఆ తయారీ చాలదు. మేతలో కలిపితే టన్నుకు 200 నుంచి 250 గ్రాములు, అంటే మీ 3,000 కోళ్లు రోజుకు 400 కిలోలు తింటే 100 గ్రాముల లోపే. నీళ్లలో అయితే ప్యాకెట్ మీద రాసిన మోతాదుకు, అది కూడా రెండు మూడు గంటల్లో తాగేసేంత నీళ్లకే కలపండి, పొద్దున కలిపి మాపటి దాకా ఉంచితే ఆ వేడికి, గాలికి సగం చచ్చిపోతుంది. బ్లీచింగ్ వేసిన నీళ్లలో కలిపితే ఇంకా తొందరగా పోతుంది. పడిపోయినాక ఇవ్వడం కంటే ఎండ ముదిరే ముందు రోజు నుంచే ఇవ్వడం మంచిది.

ఎలక్ట్రోలైట్ అంటే ఒంట్లోంచి పోయిన లవణాలు నింపే పొడి, ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ఎగరొప్పే కోడి, ఎక్కువ నీళ్లు తాగే కోడి, పొటాషియం బాగా పోగొట్టుకుంటుంది, కాబట్టి పొటాషియం క్లోరైడ్ అని రాసి ఉండాలి, సోడియం ఉండాలి. ఉన్నదంతా గ్లూకోజే అయితే పంచదారకు డబ్బు పెట్టినట్టే. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది, మన వైపు బోరు నీళ్లు చాలా చోట్ల ముందే ఉప్పగా ఉంటాయి. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలే నీళ్లలో మళ్లీ ఎలక్ట్రోలైట్ పోస్తే కోడి రెట్ట పలచబడి, లిట్టర్ (కింద పరిచిన ఊక) తడిసి, అమ్మోనియా కొట్టి, వేడి మీద అదొక కొత్త తలనొప్పి. నీళ్లు ఒకసారి టెస్టుకు ఇయ్యండి, ఉప్పు నీళ్లయితే సగం మోతాదుతో మొదలుపెట్టండి. పదకొండు నుంచి ఐదు దాకా మందు నీళ్లు, మిగతా టైమంతా మంచి నీళ్లు, 24 గంటలూ పొయ్యొద్దు.

లివర్ టానిక్కు ఇప్పుడు ఆపేయండి. ఎర్ర మందు, అది ఏందో మీకూ తెలీదు నాకూ తెలీదు, పారబోయండి. నాలుగు రకాలు కలిపితే నీళ్ల రుచి మారి కోడి ఇంకా తక్కువ తాగుతుంది.

ఇంకొక్క మాట, ఇది మాత్రం ఈ రోజే కనుక్కోండి. మేతలో రక్తపారుడు రాకుండా వేసే కాక్సీడియా మందు నికార్బజిన్ అయితే అది ఎండల్లో కోళ్ల చావులు పెంచుతుంది. మీకు మేత కంపెనీ నుంచి వస్తా ఉంటే సూపర్‌వైజర్‌ను అడగండి, అది ఉన్న మేత అయితే మార్చమని పట్టుబట్టండి.

ఫాగర్లు (నీటి తుంపర కొట్టేవి) పెట్టుకోవచ్చా అని కూడా చివర్లో అడిగినారు. మన సీమ ఎండ పొడి ఎండ, ఫాగర్ ఇక్కడ బాగా పనిచేస్తుంది, కోస్తాలో లాగా ఉక్క ఉండదు. కాకపోతే సాయంత్రం మబ్బేసి వాన రాబోయే ముందు గాలి ఆగిపోయి ఉక్కపోస్తుంది చూడండి, ఆ పూట ఫాగర్ ఆపేసి ఫ్యాన్లే తిప్పండి, అప్పుడు తుంపర వేస్తే ఆరదు, ఇంకా ఊపిరాడదు.

ప్రశ్న (తాడిపత్రి వైపు నుంచి ఒక అమ్మ): నాకు 500 లేయర్ కోళ్లు ఉండాయి సార్. మేత నేనే కలుపుతా. ఏప్రిల్ నుంచి గుడ్డు పెంకు కాగితం మాదిరి వస్తా ఉంది, ట్రేలో పెట్టేలోపే పగులుతా ఉన్నాయి. పక్కూరాయన తినే సోడా కలపమంటాడు, మా మరిది సోడా పెడితే ఇంకా చెడతాయి అంటాడు. ఎవరి మాట వినాల?

జవాబు: అమ్మా, పక్కూరాయన మాటే వినండి, కానీ మీ మరిది అన్నదాంట్లో కూడా ఒక న్యాయం ఉంది, ఆయన ఎందుకన్నాడో చెప్తా. కోడి అదేపనిగా ఎగరొప్పితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ అంతా ఊపిరితో బయటికి పోతుంది, దాంతో రక్తంలో క్షారం పెరుగుతుంది. సోడా కూడా క్షారమే కదా, పెరిగినదాని మీద ఇంకా ఎట్ల పోస్తారు అనేది ఆయన డౌటు. నిజమే, కానీ గుడ్డు పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. కాల్షియం మేతలోంచి వస్తుంది, కార్బొనేట్ రక్తంలో ఉన్న బైకార్బొనేట్‌లోంచి వస్తుంది. ఎగరొప్పే కోడిలో ఆ బైకార్బొనేట్ తగ్గిపోతుంది, మీరు సున్నం ఎంత పెట్టినా దానికి జత దొరక్క పెంకు పలచబడుతుంది. తినే సోడా ఆ జతను కొంత నింపుతుంది, దాంట్లోని సోడియం వల్ల దప్పి పెరిగి కోడి నీళ్లు కూడా బాగా తాగుతుంది.

టన్ను మేతకు 2 నుంచి 3 కిలోలు చాలు. మీ 500 కోళ్లు ఈ ఎండకు తలకు 90 గ్రాములు తింటున్నాయనుకుంటే రోజుకు 45 కిలోల మేత, దాంట్లోకి 110 గ్రాముల సోడా. పిడికిలి లెక్కన వెయ్యొద్దు, కిరాణా కొట్టు కాటా మీద తూచండి. ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, తర్వాత ఆ పిండిని మిగతా మేతలో కలపండి, లేకపోతే ఒక కోడికి సోడా గడ్డ, ఇంకో కోడికి ఏమీ లేకుండా అవుతుంది. సోడాతో సోడియం వస్తుంది కాబట్టి మీరు వేసే ఉప్పు కొంచెం తగ్గించండి, ఉప్పు పూర్తిగా మాత్రం మానొద్దు, దాంట్లో క్లోరైడ్ కూడా కోడికి కావాలి. నీళ్లలో కూడా ఎలక్ట్రోలైట్ పోస్తా ఉంటే అది ఆపేసి సోడా ఒక్కటే పెట్టండి, అంత సోడియం ఒకేసారి తట్టుకోలేవు.

ఇంకోటి, నవ్వొద్దు. తినే సోడా అంటే వంటింట్లో బజ్జీల పిండిలో వేసేది. చాకలి సోడా కాదు. రెండూ తెల్లగానే ఉంటాయి, కొన్ని కొట్లలో రెండూ లూజు సంచుల్లో పక్కపక్కనే పెట్టి ఉంటాయి, పిల్లోణ్ణి పంపితే ఏది కట్టించుకొస్తాడో చెప్పలేం. చాకలి సోడా నోరు, పేగు కాలుస్తుంది. సీలు వేసిన ప్యాకెట్ మీద సోడియం బైకార్బొనేట్ అని చదివి కొనండి.

సోడాతోనే పనైపోదు. మామూలుగా 110 గ్రాములు తినే కోడి ఇప్పుడు 85, 90 కి దిగింది. మీ మేతలో కాల్షియం 4 శాతం ఉంటే 110 గ్రాముల్లో 4.4 గ్రాములు అందేది, 85 గ్రాముల్లో 3.4 గ్రాములే అందుతుంది. ఒక్క పెంకుకే రెండు గ్రాములు దాటి కావాలి, తిన్న కాల్షియం అంతా ఒంటికి పట్టదు కూడా. కాబట్టి ఎండాకాలం మేత చిక్కగా ఉండాలి, అంటే తినే ఆ కాస్తలోనే అన్నీ అందేట్టు. విటమిన్లు, ఖనిజాలు, మెథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు కొంచెం పెంచండి, నూనె 2 శాతం దాకా కలపండి, నూనె అరిగేటప్పుడు పిండి, చెక్క అరిగినంత వేడి పుట్టదు. ప్రొటీన్ కోసమని సోయా చెక్క ఎక్కువ వెయ్యొద్దు, మిగిలిన ప్రొటీన్‌ను బయటికి పంపడానికే కోడి ఒళ్లు వేడెక్కుతుంది.

షెల్ గ్రిట్ (కాల్షియం కోసం పెట్టే ఆల్చిప్పల నలుగు) మెత్తటి పొడి ఒక్కటే పెడుతున్నారా? కందిబేడ సైజు పలుకులు సగం ఉండాలి, వాటిని సాయంత్రం మేతతో పెట్టండి. పెంకు ముఖ్యంగా రాత్రిపూట తయారవుతుంది, పొడి అయితే అప్పటికే జారిపోయి ఉంటుంది, పలుకులు కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతా రాత్రంతా కాల్షియం ఇస్తాయి. కుదిరితే అర్ధరాత్రి ఒక గంట లైటు వేసి మేత, నీళ్లు చూపించండి, ఆ చల్లపూట బాగా తింటాయి. అంతా చేసినా పెంకు బాగుపడడానికి కనీసం ఓ వారం పడుతుంది, రెండో రోజే ఫోన్ చెయ్యొద్దు.

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి): ఇంట్లో 12 నాటుకోళ్లు పెంచుకుంటున్నా. మధ్యాహ్నం మజ్జిగ, నిమ్మరసం, ఉల్లిగడ్డ ముక్కలు ఇస్తున్నాం. మంచిదేనా? ఒక కోడి మాత్రం రాత్రి కూడా నోరు తెరుస్తుంది.

జవాబు: పలుచటి మజ్జిగ మంచిదే, ఉప్పు వెయ్యొద్దు, అరగంటలో తాగకపోతే తీసేయండి, పులిసి ఈగలు ముసురుతాయి. నిమ్మ, ఉసిరి, మన చీనీ (బత్తాయి) రసం ఏదైనా సరే, గిన్నెడు నీళ్లలో నాలుగు చుక్కలు పిండొచ్చు. కానీ ఈ పుల్లటివి ఏవీ జింకు బకెట్లలో పొయ్యొద్దు, పులుపుకు జింకు కరిగి నీళ్లలోకి దిగుతుంది. మట్టి చట్టి వాడండి, నీళ్లు చల్లగా కూడా ఉంటాయి. ఉల్లిగడ్డ ఎప్పుడో ఒక ముక్క పర్వాలేదు, రోజూ పెడితే కోడికి రక్తం తగ్గుతుంది, మానేయండి. దాని బదులు కొత్తిమీర, మునగాకు, నానబెట్టిన సద్దలు పొద్దున్నే చల్లండి.

ఆ ఒక్క కోడి సంగతే నాకు నచ్చలేదు. ఎండ వల్ల నోరు తెరిచిన కోడి పొద్దు గూకినాక గంట, రెండు గంటల్లో సర్దుకుంటుంది. రాత్రి కూడా తెరుస్తా, గురగుర శబ్దం చేస్తా, పచ్చగా పారుకుంటా, రెక్కలు జారేసి ఉంటే కొక్కెర తెగులు అయ్యుండొచ్చు. దాన్ని ఈ రోజే వేరే గంప కింద పెట్టి పశువుల డాక్టరుకు చూపించండి, మిగతా 11 కి టీకాలు వేయించినారో లేదో చూసుకోండి. దీనికి నిమ్మరసం పని చెయ్యదు.

ప్రశ్న (జమ్మలమడుగు): కొక్కెర తెగులుకు వేసే లసోటా టీకా నీళ్లలో ఇవ్వాల్సిన రోజు ఎండ 44 ఉంది. టీకా నీళ్లలోనే ఎలక్ట్రోలైట్, విటమిన్ కలిపి ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు. టీకా నీళ్లలో టీకా, కొవ్వు తీసిన పాలపొడి లీటరుకు రెండున్నర గ్రాములు, ఇంకేమీ ఉండకూడదు. ముందు రోజు నుంచి బ్లీచింగ్ వెయ్యని నీళ్లు వాడండి. ఎండలో దప్పి పెట్టి ఆపాల్సిన పని కూడా లేదు, తెల్లారుజామున ఐదింటికి అరగంట నీళ్లు ఆపితే చాలు, చల్లటి నీళ్లలో కలిపి ఏడు లోపల తాగించేయండి. విటమిన్లు మర్నాడు నుంచి.

ప్రశ్న (గుత్తి): కోళ్లు వేడెక్కినాయి కదా అని ఆస్పిరిన్, పారాసెటమాల్ కలపమంటున్నారు. ఒకరు యాంటీబయాటిక్ కూడా వెయ్యమన్నారు.

జవాబు: జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో ఒళ్లే లోపల్నుంచి వేడి పెంచుకుంటుంది, ఆ మాత్రలు అక్కడ పనిచేస్తాయి. ఇక్కడ వేడి బయటి నుంచి వస్తుంది, మాత్ర ఏం చేస్తుంది. నేనైతే ఇవ్వను. యాంటీబయాటిక్‌కు ఎండతో సంబంధమే లేదు, డబ్బు దండగ, పైగా ఆ మందు మాంసంలో మిగిలి తినేవాళ్ల కడుపులోకి పోతుంది.

ప్రశ్న (కళ్యాణదుర్గం): బీటైన్, విటమిన్ ఇ, సెలీనియం అని మూడు రకాలు అమ్ముతా ఉన్నారు. మూడూ కావాల్నా? పోయినేడాది మిగిలిన విటమిన్ ఇ డబ్బా ఉంది, అది వాడొచ్చా?

జవాబు: డబ్బులుంటే ముందు బీటైన్. అది కణాల్లో నీళ్లు జారిపోకుండా పట్టి ఉంచుతుంది, మేతలో టన్నుకు ఒకటి నుంచి రెండు కిలోలు వేస్తారు. విటమిన్ ఇ, సెలీనియం రెండూ జోడెద్దుల మాదిరి, ఎండకు ఒంట్లో జరిగే చెడుపును అడ్డుకుంటాయి. అయితే సెలీనియం విషయంలో చెయ్యి బాగా వెనక్కి పెట్టుకోవాలి, కోడికి కావలసింది టన్ను మేతకు 0.3 గ్రాముల లోపే, మీ మినరల్ మిక్చర్‌లో ఇప్పటికే ఉందేమో చూడండి, ఉంటే మళ్లీ వేరేగా కొనొద్దు, ఎక్కువైతే విషమే. పాత డబ్బా రేకుల షెడ్డులో ఏడాది ఉందంటే దాంట్లో విటమిన్ ఎంత మిగిలిందో చెప్పలేం, దాన్ని నమ్ముకోవద్దు. మీరు బుడ్డల (వేరుశనగ) చెక్క కూడా వాడుతున్నామని రాసినారు, బూజు వాసన వస్తే ఆ చెక్క కోడికి పెట్టొద్దు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉన్న మేత తిన్న కోడికి లివర్ దెబ్బతిని ఎండ దెబ్బకు ముందు అదే పోతుంది, మీరు ఎన్ని విటమిన్లు పోసినా సరే.

ప్రశ్న (డోన్): ఇప్పటికే పడిపోయి కాళ్లు చాపేసిన కోళ్లను బతికించే మార్గం ఉందా? ఐస్ నీళ్లు పోస్తే?

జవాబు: ఐస్ వద్దు. మామూలు చల్లటి నీళ్ల బకెట్‌లో మెడ దాకా ముంచండి, తల పైనే ఉండాలి, ఈకల లోపల చర్మం తడిసేదాకా ఒక నిమిషం ఉంచి తీసి, గాలి తగిలే నీడలో పెట్టండి, ఫ్యాన్ ఎదురుగా అయితే ఇంకా మేలు. నోట్లోకి నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల ఎత్తి కళ్లు తిప్పుతా ఉంటే అప్పుడు ముక్కు కొసను నీళ్లలో తగిలించండి, బతికేదైతే అదే తాగుతుంది. పదిలో ఎన్ని లేస్తాయో చెప్పలేను. తలకాయ వెనక్కి వాలిపోయి ఒళ్లు కాలిపోతా ఉన్నదాన్ని పక్కన పెట్టి, ఇంకా నిలబడి ఎగరొప్పుతున్న దాని దగ్గరికి పోండి.